సగం అరుగుదల కుండలోనే

మా పెద్దమ్మకు షుగరు వచ్చి ఆరేళ్లయింది. సొంతూరు మదనపల్లె దగ్గర. చిన్నప్పటినుంచీ సంగటి తిని పెరిగిన మనిషి. ఇప్పుడు హైదరాబాదులో కొడుకు దగ్గర ఉంటోంది. షుగరు తేలగానే ఇడ్లీ, దోసె మానేసి, పొద్దున్నే పెద్ద స్టీలు గ్లాసుడు రాగిజావ మొదలుపెట్టింది. రాగులు మిల్లులో మెత్తగా పట్టించి, సన్నజల్లెడ పట్టి, ఉండ కట్టకుండా పలచగా కాచి, మజ్జిగ కలుపుకుని తాగుతుంది. మొన్న సంక్రాంతికి మా తమ్ముడు గ్లూకోమీటరు కొనిచ్చాడు. జావ తాగిన గంటకు వేలు పొడుచుకుని చూసుకుంది. ఇడ్లీ తిన్న రోజు ఎంత చూపిందో దాదాపు అంతే. "ఈ మిషను పాడైనట్టుంది నాయనా, రాగులకు కూడా ఇంతే చూపిస్తా ఉంది" అని నాకు ఫోను చేసింది.

మిషను బాగానే ఉంది. తేడా వచ్చింది గింజ దగ్గర కాదు, ఆ గింజ గ్లాసులోకి వచ్చేలోపు దానికి జరిగిన మర్యాదల దగ్గర. బియ్యం మంచిదా, రాగులు మంచివా, జొన్నలు మంచివా అని మనం గింజల పేర్లు పట్టుకుని వాదించుకుంటాం. కడుపుకు పేర్లతో పని లేదు. గింజ పైపొర ఉందా ఊడిందా, ఎంత మెత్తగా నలిగింది, ఎన్ని నీళ్లలో ఎంతసేపు ఉడికింది, వేడిగా వచ్చిందా చల్లారి వచ్చిందా, పక్కన ఏమున్నాయి, ఇవే దానికి తెలుస్తాయి. ఒక రకంగా చూస్తే అరుగుదల మన నోట్లో మొదలుకాదు. మిల్లులో మొదలై, కుండలో సగం పూర్తయి, మిగతా సగమే మన వంతుకొస్తుంది. ఆ మిగిలిన సగం ఎంత చిన్నదైతే రక్తంలో చక్కెర అంత జోరుగా ఎక్కుతుంది.

బియ్యంలో నూటికి డెబ్బై ఎనిమిది వంతుల దాకా పిండిపదార్థమే. దాన్ని విప్పి చూస్తే గ్లూకోజు అనే పూసలు వరసగా గుచ్చిన దండలు కనిపిస్తాయి. దండలు రెండు రకాలు. ఒకటి కొమ్మలు లేకుండా పొడుగ్గా సాగేది, అమైలోజ్. రెండోది చింతచెట్టులా కొమ్మలు, రెమ్మలు వేసేది, అమైలోపెక్టిన్. మామూలు బియ్యంలో రెండోదే ఎక్కువ. జిగురు బియ్యంలో అయితే మొదటిది దాదాపు ఉండదు, అందుకే అది బంకలా సాగుతుంది. కొమ్మలున్న దండకు కొసలు ఎక్కువ, దాన్ని తెంచే ఎంజైములకు పట్టు దొరికే చోట్లూ ఎక్కువ. పొడుగు దండలు చీపురుపుల్లల్లా ఒకదానికొకటి ఆనుకుని కట్టకట్టుకుపోతాయి. వాటిని విడదీయడం అంత తేలిక కాదు. బియ్యంలో అమైలోజ్ పాలు పెరిగేకొద్దీ అన్నం పొడిపొడిగా వస్తుంది, అరగడమూ కాస్త నిదానిస్తుంది.

పచ్చి గింజలో ఈ దండలన్నీ చిన్నచిన్న రేణువుల్లో గట్టిగా చుట్టుకుని ఉంటాయి. గుప్పెడు బియ్యం నమిలి మింగితే అందులో చాలా భాగం మనకు పెద్దగా పనికిరాదు. ఎసట్లో పడి 60 నుంచి 75 డిగ్రీల వేడి దాటాక ఆ రేణువులు నీళ్లు తాగి ఉబ్బుతాయి, చుట్లు వదులవుతాయి. కొన్ని దండలు నీళ్లలోకి జారిపోతాయి. గంజి చిక్కబడేది అందుకే. మెతుకు పట్టి చూసి "ఇంకా పలుకుంది" అంటాం చూడండి, ఆ పలుకు అంటే నీళ్లు ఇంకా అందని నడిమి భాగం. మెతుకు మెత్తబడిందంటే ఎంజైములకు తలుపులు తీసిపెట్టినట్టే. మనిషి నిప్పు కనిపెట్టి చేసుకున్న పెద్ద లాభం ఇదే. గింజలను అరిగించే కష్టంలో చాలా భాగాన్ని పొయ్యికి అప్పగించాడు.

ఇక మన వంతు. కూర కలపకుండా ఒక ముద్ద అన్నం రెండు నిమిషాలు నమలండి, నాలుకకు సన్నగా తీపి తగులుతుంది. ఉమ్మిలో ఉన్న ఎంజైము దండలను తెంపడం మొదలుపెట్టిందన్నమాట. కడుపులోని ఆమ్లం దాన్ని ఆపేస్తుంది. చిన్నపేగులోకి దిగాక క్లోమం నుంచి వచ్చే ఎంజైము అసలు పని అందుకుంటుంది. చివరి ముక్కలను పేగు గోడలోని ఎంజైములు పూసపూసగా విడగొడతాయి. ఆ గ్లూకోజు రక్తంలోకి వెళుతుంది. ఇక్కడొక లెక్క చెప్పాలి. ఆరోగ్యంగా ఉన్న మనిషి ఒంట్లో ఉండే అయిదు లీటర్ల రక్తం మొత్తంలో కలిపి ఏ సమయంలోనైనా తిరిగే గ్లూకోజు సుమారు 5 గ్రాములు, అంటే ఒక చెంచాడు. కంచంలో పెట్టుకున్న 200 గ్రాముల అన్నం నుంచి వచ్చేది 55 గ్రాముల దాకా, పదకొండు చెంచాలు. ఒక చెంచా పట్టే చోటికి పదకొండు చెంచాలు వచ్చిపడుతున్నాయి. వచ్చింది వచ్చినట్టు కండల్లోకి, కాలేయంలోకి సర్దడమే ఇన్సులిన్ పని. మూడు గంటల్లో తీరిగ్గా వస్తే అది సర్దుకుంటుంది. ముప్పావు గంటలో మీద పడితే ఉక్కిరిబిక్కిరవుతుంది. ఏళ్ల తరబడి రోజుకు మూడుసార్లు ఇలా జరిగే ఒంట్లో, కదలికా లేక, నడుము చుట్టూ కొవ్వూ చేరితే చివరికి ఏమవుతుందో మన ఇళ్లలో చూస్తూనే ఉన్నాం.

పిండి అంతా ఒకే వేగంతో అరగదని శాస్త్రజ్ఞులు గట్టిగా పట్టించుకోవడం మొదలై అర్ధ శతాబ్దం కూడా కాలేదు. 1982లో కేంబ్రిడ్జిలో హాన్స్ ఎంగ్లిస్ట్ బృందం ఆహారంలో పీచును కొలిచే పనిలో ఉండగా, ఎంజైములకు లొంగకుండా మిగిలిపోయే పిండి కొంత కనిపించింది. దానికి మొండి పిండి అనదగ్గ పేరు పెట్టారు. తర్వాత పదేళ్లకు పిండిని మూడు తరగతులు చేశారు. ప్రయోగశాలలో ఎంజైములతో కలిపి పెడితే 20 నిమిషాల్లో గ్లూకోజుగా మారేది జోరుగా అరిగేది. 20 నుంచి 120 నిమిషాల్లోపు మారేది నిదానంగా అరిగేది. రెండు గంటలు దాటినా లొంగనిది మొండిది.

మొండి పిండి వృథా పోదు. పెద్దపేగులో దాని కోసం కోటానుకోట్ల బాక్టీరియా కాచుకుని ఉంటుంది. అది ఈ పిండిని పులియబెట్టి ఎసిటేట్, ప్రోపియొనేట్, బ్యూటిరేట్ అనే చిన్నచిన్న ఆమ్లాలను తయారుచేస్తుంది. పెద్దపేగు లోపలి పొరలో ఉండే కణాలకు బ్యూటిరేటే ముఖ్యమైన తిండి. అంటే మనం తిన్నదాంట్లో కొంత మనకు కాకుండా మన పేగుకు పెట్టే కబళం అనుకోవచ్చు. పులిసే చోట గాలి పుట్టక తప్పదు. పీచు, పప్పులు ఒక్కసారిగా పెంచినవాళ్లకు కడుపు ఉబ్బరంగా ఉండేది అందుకే. రెండు మూడు వారాలు కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోతే చాలామందికి సర్దుకుంటుంది.

1981లో టొరంటోలో డేవిడ్ జెన్‌కిన్స్ బృందం పిండి అరిగే ఈ వేగాన్నే నేరుగా మనుషుల మీద కొలిచింది. 50 గ్రాముల గ్లూకోజు తాగితే రెండు గంటల్లో రక్తంలో చక్కెర ఎంత పెరుగుతుందో దాన్ని 100 అనుకుని, అంతే పిండిపదార్థం ఉన్న వేరే తిండి ఎంత పెంచుతుందో చూశారు. దాన్నే గ్లైసీమిక్ ఇండెక్స్ అంటున్నాం. 55, అంతకు తక్కువైతే తక్కువ కింద, 70, ఆ పైన అయితే ఎక్కువ కింద లెక్క. బియ్యమంతా ఒకటేననే మాటకు 2011లో పెద్ద దెబ్బ తగిలింది. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థవాళ్లు 235 రకాల బియ్యాన్ని పరీక్షిస్తే ఇండెక్స్ 48 నుంచి 92 దాకా తేలింది. తక్కువ ఉన్నవాటిలో మన స్వర్ణ ఒకటి. పశ్చిమగోదావరి జిల్లా మారుటేరులో పుట్టిన ఎంటీయూ 7029. దొడ్డుగింజని, రంగు తక్కువని పట్నంవాళ్లు చిన్నచూపు చూసే ఆ స్వర్ణే. రాజేంద్రనగర్‌లో రూపొందించిన ఆర్‌ఎన్‌ఆర్ 15048, అంటే తెలంగాణ సోనా, సన్నగింజ అయ్యుండి కూడా ఇండెక్స్ 50కి కాస్త పైనే ఉందని పరీక్షల్లో వచ్చింది. ఆ సంచి కనబడితే కొనుక్కోవడంలో తప్పులేదు. "షుగరు బియ్యం కదా" అని రెండు గరిటెలు ఎక్కువ వడ్డించుకుంటే మాత్రం లాభం అక్కడికక్కడే పోతుంది. ఇండెక్స్ వేగాన్ని చెబుతుంది, బరువును చెప్పదు.

ఇప్పుడు జావ సంగతి. రాగిలో పీచు ఎక్కువే. 2017లో జాతీయ పోషకాహార సంస్థ వేసిన ఆహార పట్టికల్లో పాలిష్ బియ్యానికి 100 గ్రాములకు 2.8 గ్రాముల పీచు ఉంటే రాగులకు 11 పైచిలుకు. కాల్షియం అయితే బియ్యంలో పది మిల్లీగ్రాములు కూడా ఉండదు, రాగుల్లో 364. ఇంత గొప్ప గింజను మనమేం చేశాం? మిల్లులో టాల్కం పౌడరులా పట్టించాం. గింజ ముక్కగా ఉంటే ఎంజైము బయటినుంచి లోపలికి మెల్లగా తొలుచుకుంటూ పోవాలి. పిండి అయ్యాక ప్రతి రేణువూ బయటే ఉంది, తొలిచే పనే లేదు. జల్లెడ పట్టి పైపొర తవుడు కొంత పారేశాం. ఎక్కువ నీళ్లలో బాగా మరిగించాం, రేణువులన్నీ ఉబ్బి విచ్చుకున్నాయి. పైగా అది తాగేది, నమలక్కరలేదు. కడుపు గట్టి తిండిని ఒకటి రెండు మిల్లీమీటర్ల ముక్కలయ్యేదాకా నలిపిగాని చిన్నపేగులోకి వదలదు. జావకు ఆ ఆపుదల ఉండదు, దిగిందంటే దిగిందే. ఇన్ని చేశాక దాన్ని రాగి అనండి, బియ్యం అనండి, రక్తానికి పెద్ద తేడా కనిపించదు. గోధుమ, మొక్కజొన్నతో చేసిన పరీక్షల్లోనూ ఇదే తేలింది. నిండు గింజ, బరక రవ్వ, మెత్తటి పిండి, ఈ వరసలోనే ఇన్సులిన్ అవసరం పెరుగుతూ పోయింది.

అలాగని జావ చెడ్డదా? ఎవరికి అని అడగాలి. ఏడాది నిండని బిడ్డకు, జ్వరం పడి లేచినవాడికి, పళ్లు లేని తాతకు తొందరగా అరిగేదే కావాలి. రాగులను మొలకెత్తించి, ఎండబెట్టి, దోరగా వేయించి పట్టించే పిండి ఉంది చూడండి, అది ఇంకో మెట్టు ముందుకెళుతుంది. మొలక వచ్చేటప్పుడు గింజే తన పిండిని కరిగించుకోవడానికి ఎంజైమును తయారుచేసుకుంటుంది. అందుకే మొలక రాగుల జావ ఎక్కువ పిండి వేసినా చిక్కబడకుండా పలచగానే ఉంటుంది. నాలుగు చెంచాలే మింగగలిగే బిడ్డకు ఆ నాలుగు చెంచాల్లోనే ఎక్కువ బలం పోతుంది. నానబెట్టడం, మొలకెత్తించడం వల్ల ఫైటేట్లు తగ్గుతాయి కూడా. ఇనుము, జింకు లాంటివాటిని పట్టుకుని వదలకుండా ఉండేవి అవే. బిడ్డకు ఏ గుణం వరమో, షుగరున్న ముసలమ్మకు అదే ఇబ్బంది. రెండు గిన్నెలకూ ఒకే పొగడ్త అంటించి అమ్మితే ఎలా?

మెత్తగా పట్టించడం ఇప్పటి సరదా అయితే, తెల్లగా పాలిష్ పట్టించడం మన తాతల కాలం నాటి సరదా. దానికి తెలుగు నేల చెల్లించిన మూల్యం చిన్నది కాదు. 1890ల్లో జావాలోని బటావియాలో (ఇప్పటి జకార్తా) క్రిస్టియాన్ ఐక్‌మన్ అనే డచ్చి డాక్టరు బెరిబెరి జబ్బు ఎందుకొస్తుందో వెతుకుతున్నాడు. కాళ్లు మొద్దుబారి, నడవలేక, ఒళ్లు నీరుపట్టి, గుండె ఆగి చచ్చిపోయేవాళ్లు జనం. ఆయన పెంచుకున్న కోళ్లకు కూడా అలాంటి జబ్బే వచ్చింది, కొన్నాళ్లకు ఉన్నట్టుండి తగ్గిపోయింది. ఆరా తీస్తే ఆసుపత్రి వంటశాల నుంచి మిగిలిన తెల్లన్నం వాటికి వేస్తున్నారని, కొత్తగా వచ్చిన వంటవాడు మిలటరీ అన్నం కోళ్లకు పెట్టనని మొండికేసి ముతక బియ్యం వేయించాడని తేలింది. తవుడులో ఏదో ఉంది. ఆ ఏదో తర్వాత థయమిన్, అంటే బి1 విటమిన్ అయింది. 1929లో ఐక్‌మన్‌కు నోబెల్ వచ్చింది. మన దగ్గర బెరిబెరి తిష్ఠవేసింది మద్రాసు ప్రెసిడెన్సీలోని ఉత్తర సర్కారు జిల్లాల్లో, అంటే మన కోస్తాలో. మిల్లులో తెల్లగా ఆడించిన పచ్చిబియ్యం తినేది ఆ జిల్లాలే. ఉప్పుడు బియ్యం తినే తమిళ జిల్లాల జోలికి ఆ జబ్బు పెద్దగా పోలేదు. దీని మీద పరిశోధనకే 1918లో కూనూరులోని పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఒక్క గదిలో బెరిబెరి విచారణ అంటూ ఒకటి రాబర్ట్ మెక్‌కారిసన్ అనే డాక్టరు మొదలుపెట్టాడు. ఆ గదే పెరిగి పెద్దదై, 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అని పేరు మార్చుకుంది. తార్నాక మీదుగా బస్సులో పోతుంటే కనిపించే ఆ ఆవరణకు మూలం మన కోస్తావాళ్ల తెల్లన్నం మోజు దాకా పోతుంది.

ఉప్పుడు బియ్యం కాపాడటంలో మాయ లేదు. వడ్లను పొట్టుతోనే నానబెట్టి, ఆవిరి పట్టి, ఆరబెట్టి, ఆ తర్వాత ఆడిస్తారు. నానే వేళ, ఉడికే వేళ తవుడులోని థయమిన్ నీళ్లతోపాటు గింజ లోపలికి ఇంకిపోతుంది. తర్వాత పైపొర ఊడగొట్టినా కొంత లోపలే మిగులుతుంది. ముడిబియ్యంలో 100 గ్రాములకు 0.27 మిల్లీగ్రాముల థయమిన్ ఉంటే, పచ్చిబియ్యాన్ని పాలిష్ పట్టాక 0.05కు పడిపోతుంది. ఉప్పుడు బియ్యంలో 0.17 దాకా నిలుస్తుంది. ఇంకో సంగతి. ఆవిరి పట్టి ఆరబెట్టినప్పుడు గింజలోని పిండి ఒకసారి ఉబ్బి మళ్లీ గట్టిపడుతుంది, చీలికలు అతుక్కుంటాయి. యాసంగి వడ్లు ఎండలకు పగిలి పచ్చిబియ్యంగా ఆడిస్తే నూకలైపోతాయి, ఉప్పుడు బియ్యంగా ఆడిస్తే నిలబడతాయి. 2021–22లో ఉప్పుడు బియ్యం కొనం అని కేంద్రం, కొనాల్సిందే అని తెలంగాణ కొట్లాడుకున్నాయి కదా. ఆ గొడవ అడుగున ఉన్నది ఈ పిండి భౌతికశాస్త్రమే. విచిత్రమేమిటంటే మన మిల్లులు అంత ఉప్పుడు బియ్యం పడుతున్నా మన ఇళ్లలో ఇడ్లీ రవ్వకు తప్ప దాన్ని గడప దాటనివ్వం. వాసన, రంగు నచ్చవు. నచ్చకపోతే బలవంతం లేదు కానీ, ఉన్న తవుడంతా తీయించేసి బి కాంప్లెక్స్ మాత్రలు కొనుక్కోవడం నాకెప్పుడూ వింతగానే ఉంటుంది.

గంజి వార్చడం మీద ఇప్పుడొక కొత్త నమ్మకం బయల్దేరింది. గంజి వారిస్తే షుగరు పోతుందట. ఆ పేరు చెప్పి ప్రత్యేకంగా కుక్కర్లు కూడా అమ్ముతున్నారు. వార్చిన గంజితో పోయే పిండి మొత్తంలో చిన్న వంతే, మిగతాదంతా మెతుకుల్లోనే ఉంటుంది. పోయేది ఎక్కువగా నీళ్లలో కరిగే బి విటమిన్లు. మూడుసార్లు కడిగి, ఆపైన గంజి వారిస్తే పాలిష్‌లో మిగిలిన ఆ కాస్తా గంజిలోనే పోతుంది. పూర్వం ఆ గంజిలో ఉప్పేసుకుని తాగేవాళ్లు, లేదా కుడితిలో కలిపేవాళ్లు. అంటే చాలా ఇళ్లలో బియ్యంలోని విటమిను గేదెకు, తవుడు కూడా గేదెకే పోయేవి. మన అదృష్టం బాగుండి పాలు మనకొచ్చేవి.

ఇక చద్దన్నం. దీని గురించి రాసేవాళ్లు రెండే రకాలు. పూర్వీకుల సైన్సు అని ఆకాశానికెత్తేవాళ్లు, ఎంగిలి తిండిలా చూసేవాళ్లు. కుండలో జరిగేది చూద్దాం. వేడివేడి అన్నంలో విడిపోయి ఉన్న పొడుగు దండలు చల్లారేకొద్దీ మళ్లీ దగ్గరకు జరిగి, కట్టలు కట్టుకుని గట్టిపడతాయి. ఫ్రిజ్‌లో పెట్టిన అన్నం పొద్దునకు బిరుసెక్కి రాలేది అందుకే. కొమ్మల దండలు కూడా నిదానంగా ఆ దారి పడతాయి. మళ్లీ వేడిచేస్తే కొమ్మల కట్టలు 50, 60 డిగ్రీలకే వదులై అన్నం మెత్తబడుతుంది. పొడుగు దండల కట్టలు నీళ్లు మరిగే వేడికి కూడా లొంగవు. కాబట్టి వేడిచేసిన చల్దిలో కూడా మొండి పిండి మిగిలే ఉంటుంది. ఎంత? 2015లో ఇండోనేషియాలో కొలిచారు. అప్పుడే వండిన అన్నంలో 100 గ్రాములకు 0.64 గ్రాములు. పది గంటలు బయట చల్లారితే 1.30. ఒక రోజు 4 డిగ్రీల చలిలో ఉంచి తిరిగి వేడిచేస్తే 1.65. పదిహేను మంది ఆరోగ్యవంతులకు పెట్టి చూస్తే చక్కెర పెరుగుదలా కొంత తగ్గింది. అంకెలు మళ్లీ చూడండి. నిండా ఒక గ్రాము తేడా. 28 గ్రాముల పిండిపదార్థంలో ఒక గ్రాము. మంచిదే, కాదనను. మందు మానేసేంత మంచి మాత్రం కాదు.

వాట్సాప్‌లో తిరిగే ఇంకో అంకె, రాత్రంతా నానితే 100 గ్రాముల అన్నంలో 3.4 మిల్లీగ్రాములున్న ఇనుము 73.91 అవుతుందని. ఇనుము మూలకం. పులిస్తే పుట్టదు, నానితే పిల్లలు పెట్టదు. కుండలోంచో నీళ్లలోంచో వచ్చి చేరితే తప్ప పెరగదు. పైగా పాలిష్ బియ్యంలో మొదలే ఒక మిల్లీగ్రాము కూడా ఉండదు. పులియడం వల్ల నిజంగా జరిగేది వేరే. ఫైటేట్లు కొంత విరిగిపోయి, ఉన్న ఇనుమే ఒంటికి ఇంకాస్త బాగా పట్టే వీలు కలుగుతుంది. చిన్న నిజం పక్కన పెద్ద అబద్ధం పెడితే చివరికి చిన్న నిజం కూడా నమ్మకం పోగొట్టుకుంటుంది.

చద్దన్నంలో జాగ్రత్త ఒకటుంది, అదీ పాతవాళ్ల పద్ధతిలోనే దాగుంది. బియ్యంలో బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా విత్తనాలు ఉడికినా చావవు. అన్నం గోరువెచ్చగా, పొడిగా, మూతపెట్టిన గిన్నెలో గంటల తరబడి పడుంటే అవి మొలిచి విషం తయారుచేస్తాయి. కొన్ని విషాలు తిరిగి వేయించినా పోవు. రాత్రి కుక్కర్లో వదిలేసిన అన్నంతో పొద్దున ఫ్రైడ్ రైస్ చేసుకుని వాంతులు తెచ్చుకునేది ఇందుకే. తరవాణి కుండలో అన్నం పూర్తిగా చల్లారబెట్టి నీళ్లు, మజ్జిగ లేదా పాత తరవాణి పోసి ఉంచేవాళ్లు. పులుపు తొందరగా ఎక్కి ఆ పురుగును ఎదగనివ్వదు. పులుపు ఎక్కని చల్దిని, ముఖ్యంగా వేసవిలో, నమ్మకపోవడమే మేలు. మిగిలిన అన్నం పొడిగానే దాచుకోవాలంటే వెడల్పు పళ్లెంలో పరిచి, ఆవిరి పోగానే ఫ్రిజ్‌లో పెట్టడం మంచిది.

పులియడం అనగానే ఇడ్లీ గుర్తొస్తుంది. మినప్పప్పు కలిసినందుకు మాంసకృత్తులు పెరుగుతాయి, ల్యూకొనోస్టాక్ అనే బాక్టీరియా గాలి పుట్టించి పిండిని పొంగిస్తుంది, మెత్తగా అరుగుతుంది. ఆ మెత్తదనమే చక్కెర లెక్కలో అడ్డొస్తుంది. రవ్వ, ఆవిరి, స్పాంజిలా గాలి. ఎంజైముకు ఇంతకంటే అనువైన చోటు ఉండదు. ఆ పక్క బల్ల మీద పెసరట్టు ఉంటే నా ఓటు దానికే. పొట్టుతో నానిన పెసలు, అది గింజ కాదు పప్పు, పిండి తక్కువ, పీచు ఎక్కువ. లోపల ఉప్మా పెట్టించుకోకుండా ఉంటే.

జొన్నరొట్టె తట్టేటప్పుడు పిండిలో ఉడుకునీళ్లు ఎందుకు పోస్తారో ఎప్పుడైనా గమనించారా? జొన్నలో గోధుమలా సాగే జిగురు లేదు. ఉడుకునీళ్లకు పిండి కొంత ఉబ్బి, అదే జిగురుగా పనికొస్తుంది. జొన్నలోని మాంసకృత్తులు ఉడికాక ఒకదానికొకటి అల్లుకుని పిండి చుట్టూ దడి కట్టినట్టవుతాయి. అరుగుదల నిదానిస్తుంది. జొన్న మీద పడిన మరకను కూడా చెప్పాలి. దక్కనులో జొన్నే ఆధారంగా బతికిన పేదల్లో పెలగ్రా కనిపించేది. ఎండ తగిలే చోట చర్మం నల్లబడి పగలడం, విరేచనాలు, మతి చెదరడం దాని లక్షణాలు. 1960లో సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకంటియా హైదరాబాదు సంస్థ నుంచే దీన్ని జొన్నలో ఎక్కువగా ఉండే లూసిన్ అనే అమైనో ఆమ్లంతో ముడిపెట్టారు. ఆ వాదన మీద తర్వాత చాలా చర్చ నడిచింది. మెక్సికోలో మక్కలు తినేవాళ్లు సున్నపు నీళ్లలో ఉడికించి నియాసిన్ అనే విటమిన్‌ను విడిపించుకుని పెలగ్రా నుంచి తప్పించుకున్నారు. మన దగ్గర జబ్బు తగ్గింది జొన్న మానడం వల్ల కాదు, దాని పక్కన పప్పు, పాలు, వేరే గింజలు చేరడం వల్ల. ఒక్క గింజనే దేవుణ్ణి చేసి మూడు పూటలా తినమనే ఇప్పటి సిరిధాన్యాల ప్రచారకులు ఈ చరిత్ర ఒకసారి చదవాలి.

అసలు సమస్య కంచంలో గింజ ఆక్రమించిన జాగా. 2025లో వచ్చిన ఐసీఎంఆర్ సర్వే ప్రకారం మన దేశంలో రోజూ ఒంటికి చేరే శక్తిలో 62 శాతం పిండిపదార్థాల నుంచే. 2024లో పోషకాహార సంస్థ ఇచ్చిన సూచనల్లో అన్ని గింజలూ కలిపి 45 శాతం దాటొద్దని ఉంది. గింజల పాలు తగ్గించకుండా బియ్యం బదులు కొర్రలు వండుకుంటే వాసన మారుతుంది, లెక్క మారదు. మన భోజనంలో పప్పు, నెయ్యి, పులుసు, పెరుగు అన్నీ ఉన్నాయి. కొవ్వు, మాంసకృత్తులు కడుపు ఖాళీ అయ్యే వేగాన్ని తగ్గిస్తాయి, పులుపు కూడా. కాకపోతే వాటన్నిటికీ మనం పెట్టుకున్న ఉద్యోగం అన్నాన్ని లోపలికి తోయడమే. గరిటెడు పప్పుకు నాలుగు గరిటెల అన్నం కలుపుతాం. కూర, పప్పు ముందు కాస్త తిని అన్నం తర్వాత మొదలుపెడితే చక్కెర మెల్లగా ఎక్కుతుందని పరీక్షల్లో తేలింది. పెళ్లి భోజనంలో కుదరదు. ఇంట్లో కుదురుతుంది.

ఇదంతా పెద్దమ్మకు ఫోనులో చెప్పడానికి ముప్పావు గంట పట్టింది. మధ్యలో రెండుసార్లు "అయితే సంగటి తినొచ్చు అంటావా" అని అడిగింది. సంగటి కూడా పిండేనని, కాకపోతే గట్టిగా ఉంటుంది కాబట్టి, పప్పో ఆకుకూరో లేకుండా దిగదు కాబట్టి జావ కంటే నయమని, పిడికెడు ముద్దకు మించొద్దని చెప్పాను. రాగులు బరకగా పట్టించుకోమన్నాను. మర్నాడే డబ్బా పట్టుకుని మిల్లుకు వెళ్లిందట. రవ్వ పట్టాలంటే రాళ్లు ఎడం చెయ్యాలి, ఒక్క కిలో కోసం కుదరదు, నలుగురు కలిసి వస్తే పట్టిస్తానన్నాడట మిల్లతను. ఇప్పుడు అపార్ట్‌మెంటులో ఇంటింటికీ తిరిగి, షుగరున్న మిగతా ముగ్గురి కోసం వెతుకుతోంది. మొదటి అంతస్తులోనే ఇద్దరు దొరికారని నిన్న చెప్పింది.